ఒకే తప్పు, రెండు ఖాతాలు: మనవడా, మేనేజరా అన్న ఒక వారసత్వం కేసు

ముందే చెప్పేస్తున్నాను, ఈ కేసులో నేను రాసిన మొదటి రిపోర్టు తప్పు. బోర్డుకి పంపకముందే ఆ సంగతి బయటపడింది కాబట్టి పరువు దక్కింది, అదీ నా తెలివితేటల వల్ల కాదు, అకౌంట్స్ చూసే ఒకావిడ లెడ్జరు తెరిచి చూపించడం వల్ల. కుటుంబ వ్యాపారాల్లో పగ్గాలు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారేటప్పుడు మధ్యలో కూర్చుని, ఎవరు నడపగలరో తేల్చిపెట్టడం నా వృత్తి. పుట్టుక గొప్పదా, సత్తా గొప్పదా అని అడిగితే ఎవరైనా సత్తాకే ఓటేస్తారు, అందులో పైసా ఖర్చు లేదు. కుర్చీ ఒకటే ఉండి అందులో ఎవరినో ఒకరిని కూర్చోబెట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆ మాట అంత తేలిగ్గా నోట్లోంచి రాదు. కుటుంబం ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

సంస్థ, మనుషులు

పంపులకు కేసింగులు, ఇంపెల్లర్లు, వాల్వు బాడీలు పోతపోసే ఫౌండ్రీ. 400 మంది పనిచేస్తారు. పెట్టినాయనకి 78 ఏళ్లు, అందరూ పెద్దాయన అంటారు, నేనూ అలాగే రాస్తాను. కొడుకు వేరే వృత్తిలో స్థిరపడి వ్యాపారం వైపు తొంగి కూడా చూడలేదు. కూతురు 24 ఏళ్లుగా అకౌంట్స్, కొనుగోళ్లు చూసుకుంటున్నారు, ఆవిడ్ని అమ్మాయిగారు అంటారు, ఆవిడకి యాభై దాటినా సరే. కొడుకు కొడుకు, అంటే మనవడికి 31. పెద్ద చదువు చదువుకుని వచ్చి 6 ఏళ్లుగా డైరెక్టరుగా ఉన్నాడు, షాప్ ఫ్లోర్‌లో అతను చిన్నబాబు. ఇక ప్లాంట్ మేనేజరు, వయసు 47, డిప్లొమా అవగానే అప్రెంటిస్‌గా చేరి 26 ఏళ్లలో అక్కడిదాకా వచ్చినవాడు.

బోర్డు నాకు ఇచ్చిన లెటర్లో రెండే పేర్లు ఉన్నాయి, మనవడు, మేనేజరు. ఇద్దరిలో ఎవరు? మూడో పేరు ఎందుకు లేదు అన్న ప్రశ్న నాకూ తట్టలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

మొదటిరోజే పెద్దాయన తన మాట తేల్చి చెప్పారు. "ఈ పని మా రక్తంలో ఉందండీ. మేనేజరు మంచివాడే, కాదనను. కానీ ఎంతైనా ఉద్యోగస్తుడు. రాత్రి రెండింటికి ఫర్నేసు ఆగిపోతే అతనికి నిద్ర పోతుంది, మాకు ప్రాణం పోతుంది." మాట బాగుంది, నోట్‌బుక్కులో రాసుకున్నాను. తర్వాత గేటు రిజిస్టరు తిరగేస్తే అర్ధరాత్రి దాటాక ఫర్నేసు కోసం లోపలికి వచ్చిన ఎంట్రీల్లో మేనేజరు సంతకాలే వరసగా కనిపించాయి, ఆ కుటుంబంవాళ్లవి రెండే రెండు, అవి కూడా పాతికేళ్ల కిందటి పెద్దాయనవే.

ఆయన గదిలో గోడమీద ఫోటోలున్నాయి. అన్నిటికంటే పైన వాళ్ల నాన్నగారిది, నల్లకోటు వేసుకుని నిటారుగా కూర్చున్న ఫోటో. కోటు చేతులు మణికట్టుకి చాలా పైనే ఆగిపోయాయి. అది చూశాను గానీ అడగలేదు.

నేను ఎంచుకున్న పద్ధతి

పేర్లు కనిపిస్తే మనసు ఎటో ఒకవైపు ఒరుగుతుంది, అది నాకూ తప్పదు, అందుకని ఇలాంటి కేసుల్లో పేర్లు తీసేసి ఫైళ్లు తయారు చేస్తాను. ఒక్కొక్కరు గత ఐదేళ్లలో తీసుకున్న 12 నిర్ణయాలు, అప్పుడు చేతిలో ఉన్న సమాచారం, ఆ తర్వాత ఏమైంది, అంతవరకే. పైన ఎ, బి అని అక్షరాలు. బయటి నుంచి ముగ్గురు అనుభవజ్ఞుల్ని పిలిచి మార్కులు వేయించాను. పద్ధతి పాతదే. ఆర్కెస్ట్రాల్లో వాద్యకారుల్ని ఎంచుకునేటప్పుడు తెర కట్టి వినడం అమెరికాలో 1970ల నుంచి బాగా పెరిగింది, వాయించేది ఎవరో తెలియకూడదని. నడిచొచ్చే బూట్ల చప్పుడుని బట్టి ఆడమనిషో మగమనిషో పట్టేస్తున్నారని కొన్నిచోట్ల నేలమీద కార్పెట్ కూడా పరిచేవారు.

నా ఫైళ్లకి కార్పెట్ లేదు. రెండో పేజీ తిప్పేసరికే ముగ్గురికీ ఎవరు ఎవరో తెలిసిపోయింది. "కొత్త మోల్డింగ్ లైను కొనాలని నిర్ణయించి" అని ఒక ఫైల్లో ఉంటుంది, "రెండో షిఫ్టు లోడర్ల వరస మార్చి" అని ఇంకో ఫైల్లో ఉంటుంది. మోల్డింగ్ లైను అంటే పోతకి అచ్చులు తయారుచేసే యంత్రాల వరస, దాన్ని కొనే అధికారం ఎవరికి ఉంటుంది? పేరు చెరిపేస్తే చాలనుకున్నాను, ఆ పేరు తెచ్చిపెట్టిన అవకాశాలు ప్రతి లైనులోనూ అలాగే ఉండిపోయాయి.

మార్కులు వచ్చాయి. మనవడికి 71, మేనేజరుకి 68. తేడా ఎక్కడ వచ్చిందంటే పెద్ద స్థాయిలో ఆలోచించడం, రిస్క్ తీసుకోవడం అన్న రెండు వరసల్లో. మేనేజరు గురించి నా సొంత చేతిరాతలో ఉన్న వాక్యం ఇది: "నమ్మదగినవాడు, కానీ కొత్తదనానికి వెనకాడే స్వభావం." స్వభావం అని రాశాను చూడండి, అదేదో పుట్టుకతో వచ్చిన గుణం అన్నట్టు! పుట్టుక సంగతి పక్కనపెట్టి మనిషిని చూడటానికి జీతం తీసుకుంటున్న మనిషి రాసిన వాక్యం అది.

లెడ్జరు

రిపోర్టు ప్రింట్ తీసుకుందామని అకౌంట్స్ గదికి వెళ్లాను. అమ్మాయిగారు తలెత్తి, "అయిపోయిందా?" అన్నారు. దాదాపు అయిపోయిందన్నాను. "అబ్బాయి చేసిన తప్పులకి బిల్లు ఎవరు కట్టారో చూశారా?" అని అడిగి, నా జవాబు కోసం ఆగకుండా లేచి బీరువాలోంచి రెండు లెడ్జర్లు తీసి బల్లమీద పక్కపక్కన పెట్టారు.

మొదటిదాంట్లో మనవడి నిర్ణయం. మోల్డుల ఇసుకని పట్టి ఉంచే బైండరు మార్చాడు, చవకగా వస్తోందని. గ్యాస్ బయటికి పోలేదు, కాస్టింగుల నిండా బ్లోహోల్స్, అంటే గ్యాస్ చిక్కుకుని ఏర్పడ్డ గుల్లలు, 11 టన్నులు స్క్రాపుకి పోయింది. ఆ మొత్తం రాసిన ఖాతా: ట్రయల్స్, డెవలప్‌మెంట్ ఖర్చులు. రెండోది అంతకు ముందు సంవత్సరంది, మేనేజరుది. లోహం వృథా తగ్గించాలని గేటింగ్, అంటే కరిగిన లోహం మోల్డులోకి వెళ్లే దారి, మార్చి చూశాడు. అక్కడా బ్లోహోల్సే, 4 టన్నులు స్క్రాపు. రాసిన ఖాతా: రిజెక్షన్ నష్టం. వెనక పిన్ను చేసి మెమో, ఏడాది ఇంక్రిమెంటు ఆపుతున్నట్టు లెటర్, కింద "అందుకున్నాను" అని మేనేజరు సంతకం.

"రెండూ నా చేతిరాతే," అన్నారావిడ. "నాన్న ఎలా చెప్తే అలా రాశాను."

ఆ మెమో తర్వాత నాలుగేళ్లపాటు మేనేజరు కొత్తగా ఏదీ చేసి చూడలేదు. నేను స్వభావం అని రాసింది దీన్నే. అదే నాలుగేళ్లలో మనవడు ఇంకో మూడు ప్రయోగాలు చేశాడు, రెండు పోయాయి, ఒకటి నిలబడింది, ఆ నిలబడ్డదే నా ఫైల్లో మోల్డింగ్ లైనుగా మెరిసిపోయింది. మూడు సార్లు పడటానికి వీలున్నవాడికి నాలుగోసారి నడక వస్తుంది. ఒక్కసారి పడితే కాలు తీసేస్తాం అన్నవాడు గోడ పట్టుకునే నడుస్తాడు, చూసేవాళ్లు వాడికి పరుగు రాదంటారు. నా దృష్టిలో ఈ కేసంతా ఆ రెండు పద్దుల్లోనే ఉంది. మంచి ఇంట్లో పుట్టడం వల్ల తెలివి వచ్చిందా అంటే చెప్పలేను గానీ, తప్పుని ట్రయల్ అని పిలిచే ఇల్లు మాత్రం దొరుకుతుంది.

రిపోర్టు చించేయలేదు, దాచుకున్నాను. ఇప్పటికీ కొత్తగా చేరే జూనియర్లకి చూపిస్తుంటాను.

మళ్లీ మొదటి నుంచి

రెండో విడతలో ఇద్దర్నీ విడివిడిగా కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడిగాను, మీ వల్ల కంపెనీకి జరిగిన పెద్ద నష్టం చెప్పండి అని. మనవడు కాలుమీద కాలేసుకుని చక్కగా చెప్పాడు, బైండరు కథ, దాన్నుంచి ఏం నేర్చుకున్నాడు, ఇప్పుడైతే ఎలా చేసేవాడు. అబద్ధం ఒక్కటీ లేదు, కానీ ఆ కథని అప్పటికి చాలాసార్లు చెప్పినట్టు తెలిసిపోతోంది. మేనేజరు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి అన్న మాట: "సార్, ఇది ఎవరి దగ్గరికి వెళ్తుంది?"

ఈ రెండు జవాబుల్ని పక్కపక్కన పెట్టి ఏ ఇంటర్వ్యూ ప్యానెల్‌ అయినా మార్కులు వేస్తే ఎవరికి ఎక్కువ వస్తాయో చెప్పక్కర్లేదు. ఒకరిది ఆత్మవిశ్వాసం అంటాం, ఇంకొకరిది బెరుకు అంటాం.

ఇక్కడ పాత సంగతి ఒకటి. 1869లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఇంగ్లండులో పేరుమోసిన మనుషుల చుట్టాలని లెక్కబెట్టాడు, జడ్జీల కొడుకులు, తమ్ముళ్లు, మనవలు, వాళ్లలో ఎంతమంది మళ్లీ పేరు తెచ్చుకున్నారని. చాలామందే తేలారు, కాబట్టి ప్రతిభ వంశంలో పారుతుందన్నాడు. తను చార్లెస్ డార్విన్‌కి దగ్గరి చుట్టం కావడం కూడా ఆ నమ్మకానికి కొంత ఊతమిచ్చి ఉంటుందని నా అనుమానం. జడ్జి కొడుక్కి తండ్రి బుర్రతో పాటు తండ్రి కోర్టు గుమ్మం, స్నేహితులు, లైబ్రరీ కూడా వచ్చాయి, వాటిని విడదీసే దారి ఆయన లెక్కలో లేదు. నూటయాభై ఏళ్ల తర్వాత నేనూ పెద్ద డిగ్రీ పెట్టుకుని అదే పొరపాటు చేశాను.

దాన్ని విడదీసినవాళ్లు ఉన్నారు. డెన్మార్క్ కంపెనీల మీద 2007లో వచ్చిన ఒక అధ్యయనం నాకు వృత్తిలో చాలా పనికొచ్చింది. కుటుంబం నుంచి వారసుణ్ని పెట్టుకున్న కంపెనీల్ని, బయటివాళ్లని పెట్టుకున్నవాటిని ఊరికే పోలిస్తే లాభం లేదు, బాగా నడుస్తున్నవాళ్లు ఒకలాగా, కష్టాల్లో ఉన్నవాళ్లు ఒకలాగా ఎంచుకుంటారు కదా. అందుకని వాళ్లు దిగిపోతున్న అధిపతికి మొదటి బిడ్డ ఆడపిల్లా మగపిల్లాడా అన్నది పట్టుకున్నారు. అది ఎవరి చేతిలోనూ లేనిది, కానీ మొదటివాడు మగపిల్లాడైతే కుర్చీ ఇంట్లోనే ఉండిపోయే అవకాశం పెరుగుతుంది. అలా చూస్తే కుటుంబ వారసుడొచ్చిన కంపెనీల్లో ఆస్తుల మీద వచ్చే నిర్వహణ లాభం కనీసం 4 శాతం పాయింట్లు తగ్గింది. లాభనష్టాల మాట అటుంచి, ఆ ఆడపిల్ల మగపిల్లాడు అన్న చోటే నా బుర్ర ఆగిపోయింది, ఎందుకంటే అప్పుడు గుర్తొచ్చింది, నా లెటర్లో మూడో పేరు లేదు.

బోర్డు రూములో లెక్క

మధ్యంతర సమావేశంలో పెద్దాయన మళ్లీ రక్తం మాట ఎత్తారు. తాతలు నేతులు తాగితే మనవల మూతులు వాసన చూడమన్న సామెత నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను. మార్కరు తీసుకుని బోర్డు దగ్గరికి వెళ్లి లెక్క వేశాను. తల్లిదండ్రులు ఇద్దరు, వాళ్ల తల్లిదండ్రులు నలుగురు, పది తరాలు వెనక్కి వెళ్తే 1024 మంది, 30 తరాలు వెళ్తే వంద కోట్లు దాటుతుంది, అంతమంది జనం అప్పటికి భూమ్మీదే లేరు, అంటే అవే మనుషులు అందరి వంశవృక్షాల్లోనూ పదేపదే వస్తున్నారన్నమాట. పదో తరంలోని ఆ 1024 మందిలో చాలామంది దగ్గర్నుంచి మనకి డీఎన్‌ఏ ముక్క ఒక్కటి కూడా అందదు. వంశంలో ఒక మహానుభావుణ్ని ఎంచుకుని ఆయన రక్తం నాలో ఉందనడం, మిగతా 1023 మందిని బయట నిలబెట్టడమే.

"అంత వెనక్కెందుకండీ," అన్నారు పెద్దాయన, "వాడు నా మనవడు."

"అవునండీ. మనవడిలో మీ వాటా సగటున నాలుగో వంతు," అన్నాను. "రక్తమే లెక్కయితే అమ్మాయిగారిలో సగం."

మినిట్స్ రాస్తున్నది ఆవిడే. పెన్ను ఆగింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు, మనవడు మాత్రం మెల్లగా, "అత్త పేరు లిస్టులో ఎందుకు లేదు తాతయ్యా?" అన్నాడు. నిజానికి ఆ ప్రశ్న అడిగినందుకు ఆ కుర్రాడి మీద నాకు గౌరవం పెరిగింది. పెద్దాయన జవాబు చెప్పలేదు. చెప్పడానికి ఏముంది, కూతురికి పెళ్లితో ఇంటిపేరు మారింది. అంటే ఇన్నాళ్లూ రక్తం అంటున్నది ఇంటిపేరుని.

సమావేశం అయ్యాక ఆయన నన్ను గదికి పిలిచారు. కోపంగా ఉంటారనుకుంటే, నేరుగా గోడమీద ఫోటో చూపించి, "ఆ కోటు ఫోటో స్టూడియోవాడిది," అన్నారు. వాళ్ల నాన్న ఇంకొకళ్ల ఫౌండ్రీలో ఇసుక మోసేవారట. జీవితంలో ఒకే ఒక్క ఫోటో తీయించుకున్నారు, స్టూడియోలో అందరికీ ఒకటే కోటు, అందరికీ ఒకటే సైజు. ఈయన పద్నాలుగో ఏట మోల్డరు దగ్గర సహాయకుడిగా చేరారు. వంశం అంటూ ఉంటే ఆ ఇంట్లో అది ఈయనతోనే మొదలైంది, పట్టుమని యాభై ఏళ్లు కాలేదు.

ఇందులో వింతేమీ లేదు, చాలాచోట్ల జరిగేదే. ఫ్రాన్స్ సైన్యంలో 1781లో ఒక ఉత్తర్వు వచ్చింది, ఆఫీసరుగా నేరుగా చేరాలంటే తండ్రి వైపు నాలుగు తరాల కులీనత రుజువు చేసుకోవాలని. కొద్ది ఏళ్లలోనే విప్లవం వచ్చి ఆ గోడ కూలాక, పీపాలు చేసేవాడి కొడుకు మిషెల్ నే, సత్రం నడిపేవాడి కొడుకు మ్యూరా 1804లో మార్షల్స్, అంటే సైన్యంలో అన్నిటికంటే పై హోదావాళ్లు, అయ్యారు. అలా సత్తా చూసి పైకి తీసిన నెపోలియనే 1806లో ఒక అన్నని నేపుల్స్‌కి, ఒక తమ్ముణ్ని హాలండ్‌కి రాజుల్ని చేశాడు, 1808లో కొత్త బిరుదులతో కొత్త కులీనుల వర్గాన్నీ తయారుచేశాడు. గోడ కూల్చినవాడే కూల్చిన రాళ్లతో ఇంకోటి కట్టుకున్నాడు, అదీ ఒక్క తరంలో.

ఆరు నెలల పరీక్ష

నా సూచన ఇది. ఆరు నెలలు ఇద్దరి పరిస్థితులూ తారుమారు చేద్దాం. మనవడికి ఒక ప్రోడక్ట్ లైను పూర్తిగా అప్పజెప్పి, నష్టం వస్తే అతని పేరు మీదే, నష్టం అన్న ఖాతాలోనే రాయాలి, ట్రయల్ అన్న మాట వాడకూడదు. మేనేజరుకి క్యాపిటల్ బడ్జెట్ అధికారం, అంటే యంత్రాల్లాంటివి కొనే అధికారం, దాంతో పాటు ఒక లెటర్: ఈ పరిమితి లోపల పొరపాటు జరిగితే మెమో, ఇంక్రిమెంటు కోత ఉండవు అని పెద్దాయన సంతకంతో. లెటర్ రాయించడానికి మూడు వారాలు పట్టింది. నోటిమాట చాలదా అన్నారాయన. చాలదన్నాను, మెమో నోటిమాటగా ఇవ్వలేదు కదా.

మొదటి రెండు నెలలు చూసి నాకే టెన్షన్ వచ్చింది. మేనేజరు ఒక్క రూపాయి ఖర్చుపెట్టలేదు. తన అధికారంలో ఉన్న చిన్న చిన్న కొనుగోళ్లకి కూడా ఫైలు పట్టుకుని పెద్దాయన గుమ్మం దగ్గర నిలబడేవాడు. ఇతనికి నిజంగానే ఆ దమ్ము లేదేమో, నేను లెడ్జరు చూసి లేనిపోని కథ అల్లానేమో అని రెండు మూడు రాత్రులు అనుకున్నాను. పాతికేళ్ల అలవాటు ఒక్క లెటర్‌తో పోదని తెలిసి కూడా. మూడో నెలలో కదిలాడు. లోహం కూర్పు అక్కడికక్కడే తేల్చే స్పెక్ట్రోమీటర్ కొనిపించాడు, అప్పటిదాకా శాంపిల్ బయటి ల్యాబుకి పంపి ఎదురుచూసేవాళ్లు. మొదటి పది రోజులు రీడింగులు తప్పుగా వచ్చాయి, శాంపిల్ ముఖం సరిగా గ్రైండ్ చేయకపోవడం వల్ల, ఒక హీట్, అంటే ఒకసారి కరిగించిన లోహం, మొత్తం మళ్లీ కరిగించాల్సి వచ్చింది. ఆ రోజు సాయంత్రం తన మీద తనే ఒక మెమో రాసుకుని అకౌంట్స్‌లో ఇచ్చాడు. అమ్మాయిగారు దాన్ని అతని ముందే చింపేశారు. ఐదో నెలకి రిజెక్షన్ తగ్గడం మొదలైంది, అతని నడకలో కూడా ఏదో తేడా, ఫైలు లేకుండా ఖాళీ చేతులతో కనిపించడం మొదలుపెట్టాడు.

మనవడి విషయంలో నేను ఊహించనిది జరిగింది. నష్టం తన పేరుతో రాస్తారనగానే మూడో నెలలో తన ప్రాజెక్టుల్లో ఒకదాన్ని తనే ఆపేశాడు, ఇది నడవదని రెండేళ్ల కిందటే తెలుసు సార్ అని ఒప్పుకున్నాడు కూడా. ప్రొడక్షన్ ప్లానింగులో బోల్తా పడ్డాడు, రెండు డెలివరీలు ఆలస్యం. కానీ ఆలస్యమైన ఆ ఇద్దరు కస్టమర్ల దగ్గరికి తనే వెళ్లి కూర్చుని, ఆర్డర్లు పోకుండా నిలబెట్టుకొచ్చాడు. అది నేను దగ్గరుండి చూశాను. అవతలివాళ్లు అడగబోయేది అడగకముందే అతనికి తెలుస్తోంది, ఎప్పుడు నోరు మూసుకోవాలో కూడా తెలుస్తోంది. ఎక్కడ నేర్చుకున్నావంటే, చిన్నప్పటి నుంచీ ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర తాతయ్య బాకీల గురించి, ఎవరికి ఎన్నాళ్లు గడువు ఇవ్వచ్చు అన్నదాని గురించి మాట్లాడుతుంటే వినేవాణ్నన్నాడు. ఈ చదువు ఏ కాలేజీలోనూ దొరకదు, జీతమిచ్చి బయటి నుంచి తెచ్చుకోవడమూ కష్టం. పుట్టుకకి విలువే లేదని నేను అనకపోవడానికి ఈ కుర్రాడే కారణం. కాకపోతే అది సేల్స్‌లో ఉన్న విలువ. దాన్ని చూసి ఫర్నేసు కూడా అప్పజెప్పడం ఎందుకు?

నిర్ణయం, దానికి కట్టిన ఖర్చు

చివరికి సిఫారసు ఇలా వెళ్లింది. మేనేజరు మూడేళ్ల కాలానికి సీఈఓ. అమ్మాయిగారు బోర్డు ఛైర్‌పర్సన్. మనవడు సేల్స్ హెడ్, సీఈఓ కింద. ట్రయల్, నష్టం ఖాతాల మధ్య తేడా ఏమిటో రాతలో నిర్వచించాలి, ఎవరి తప్పైనా అదే కొలత.

పెద్దాయన నాలుగు నెలలు ఒప్పుకోలేదు. ఆయన వాదనలో బలం లేదనను. "మా పేరు చూసి సరుకిస్తారండీ, ఈయన పేరు చూసి ఎవరిస్తారు?" అన్నారు. మధ్యేమార్గంగా మేనేజరుని దత్తత చేసుకోమంటారా అని వెటకారంగా కూడా అడిగారు. నేను నవ్వలేదు, ఎందుకంటే జపానులో సరిగ్గా అదే చేస్తారు. కొడుకులున్నా సమర్థుడైన అల్లుణ్ని దత్తత తీసుకుని ఇంటిపేరు ఇచ్చి వ్యాపారం అప్పజెప్పే ఆనవాయితీ అక్కడ ఉంది. సుజుకీ మోటార్‌ని 1978 నుంచి దశాబ్దాల పాటు నడిపించి, 2021లో ఛైర్మన్ పదవి నుంచి దిగిన ఒసాము సుజుకీ పుట్టుకతో ఆ ఇంటివాడు కాదు, వ్యవస్థాపకుడి మనవరాల్ని పెళ్లి చేసుకుని ఆ పేరు తీసుకున్నాడు. జపాను కుటుంబ కంపెనీల మీద 2013లో వచ్చిన ఒక పరిశోధనలో రక్తవారసులు నడిపే కంపెనీల కంటే దత్తవారసులు నడిపేవే మెరుగ్గా తేలాయి. పెద్దాయన అదంతా శ్రద్ధగా విని, రోమన్ చక్రవర్తుల్లో కూడా దత్తత ఉండేది కదా అని తనే అందించారు, చదువుకున్న మనిషి. ఉండేదండీ, నెర్వా ట్రాజన్‌ని దత్తత తీసుకున్న 97వ సంవత్సరం నుంచి మొదలుపెట్టి నలుగురు అలాగే చేశారు, కానీ వాళ్లకి బతికున్న కొడుకులు లేరు. కొడుకున్న మార్కస్ అరీలియస్, తత్వవేత్తగా పేరున్న చక్రవర్తి, ఆయన వంతు వచ్చేసరికి 180లో రాజ్యం కొడుకు కొమోడస్‌కే వెళ్లింది, పన్నెండేళ్లలో అతన్ని చంపేశారు. పెద్దాయన నవ్వి, "అంటే అంత తత్వవేత్త కూడా నాలాంటివాడేనన్నమాట," అన్నారు. ఆ నవ్వుతో సగం ఒప్పుకున్నట్టయింది.

పేరు గురించి ఆయన చెప్పినది నిజమే అయ్యింది. ప్రకటన వెళ్లిన నెలలోనే ఒక పాత సప్లయరు 60 రోజుల అరువుని 30కి తగ్గించాడు. కొత్త సీఈఓ చేసిన తప్పేమీ లేదు, ఆయన ఎవరి కొడుకో అవతలివాడికి తెలియదు, అంతే. మనవడు వెళ్లి మాట్లాడితే 45కి వచ్చింది. ఒక సీనియర్ ఫోర్‌మాన్ మానేశాడు, అప్రెంటిస్‌గా తన కింద పనిచేసినవాడికి దణ్ణం పెట్టలేనని. కింది నుంచి వచ్చినవాడిని కిందివాళ్లే ముందు ఒప్పుకోరన్నది నేను వేరే కేసుల్లోనూ చూశాను, దానికి మందు నా దగ్గర లేదు.

రెండేళ్ల తర్వాత

కంపెనీ నడుస్తోంది. గోడమీద ఫోటోలు అలాగే ఉన్నాయి. మొన్నీమధ్య సీఈఓగారు ఫోన్ చేసి, ట్రెయినీల నియామకం నిబంధనలు ఒకసారి చూసిపెట్టమన్నారు. మాటల మధ్యలో కాస్త తడబడుతూ అసలు సంగతి చెప్పారు. వాళ్లబ్బాయి డిప్లొమా పూర్తిచేశాడట. "చిన్నప్పటి నుంచి ఫౌండ్రీ మాటలు వింటూ పెరిగినవాడు సార్, ఈ పని వాడి రక్తంలోనే ఉంది. రాతపరీక్ష అవసరమంటారా?"

నిబంధనల కాపీ ఇప్పుడు నా టేబుల్ మీద ఉంది. నాలుగో పేజీలో "అభ్యర్థులందరికీ రాతపరీక్ష తప్పనిసరి" అన్న వాక్యం పక్కన ఆయన పెన్సిల్‌తో చిన్న ప్రశ్నార్థకం పెట్టారు. దాని కిందే, లెడ్జరులో చూసిన అదే గుండ్రటి చేతిరాతతో, ఎర్ర ఇంకులో "ఉంచండి" అని ఉంది.